కణంలో పట్టువిడుపులు



జంషెడ్‌పూర్‌లో చాలాకాలంగా ఉంటున్న తెలుగువాళ్ళకి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు ఇక్కణ్ణించి అలెప్పీ వైపు వెళ్ళే మన బండి పూర్తి బండి కాదు. కొన్ని బోగీలు, అంతే. ఆ బోగీల్ని రూర్కెలా దాకా లాక్కెళ్ళి, అక్కడ ధన్‌బాద్ నుంచి వచ్చే అలెప్పీ ఎక్స్‌ప్రెస్‌కి తగిలించేవారు. విజయనగరం, విశాఖపట్నం, రాజమండ్రి వెళ్ళాల్సినవాళ్ళమంతా కిటికీ ఊచలకి మొహాలు ఆనించి చూసేవాళ్ళం. ఒక మనిషి పట్టాల మీదికి దిగేవాడు. రెండు బోగీల మధ్య నడుం వంచి దూరేవాడు. కొక్కెం ఎత్తి తగిలించి, మర బిగించేవాడు. ఒక్క కుదుపు. చేతిలో టీ ఉంటే ఒలికేది. "ఆఁ, తగిలింది" అనేది మా అమ్మ. ఇక పక్క పరుచుకోవచ్చని దానర్థం.

మా చిన్నవాడికి మాత్రం నిద్ర పట్టేది కాదు. "నాన్నా, మధ్యదారిలో ఊడిపోతేనో?" అనేవాడు. ఊడదురా, పడుకో అనేవాణ్ణి. కాసేపాగి మళ్ళీ అడిగేవాడు. "మరి వచ్చేటప్పుడు రూర్కెలాలో ఊడకపోతేనో? మనం ధన్‌బాద్ వెళ్ళిపోతామా?"

ఊడకూడని చోట ఊడితే? ఊడాల్సిన చోట ఊడకపోతే? నేను ముప్ఫై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. వాడడిగిన ఈ రెండు ప్రశ్నలకి మించిన ప్రశ్న నా క్లాసులో ఎవరూ వెయ్యలేదు. ఎందుకంటే మన ఒంట్లోనూ ఇలాంటి తగిలింపు ఒకటుంది. ఇలాంటి విడదీత ఒకటుంది. ఈ పూట మీతో దాని గురించే మాట్లాడదామని వచ్చాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ క్రోమోజోములు 46 ఉంటాయి. సన్నటి దారాల్లాంటివి. మన పోలికలు, మన రంగు, మన ఎత్తు, అన్నిటి రాతా అందులోనే. ఈ 46 నిజానికి 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. అమ్మదొకటి, నాన్నదొకటి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

ఇప్పుడు బిడ్డ పుట్టాలంటే అండం ఒకటి, శుక్రకణం ఒకటి కలవాలి. అందులో 46, ఇందులో 46 ఉంటే బిడ్డకి 92 అవుతాయి. మనవడికొచ్చేసరికి ఇంకా రెట్టింపు. అలా కుదరదు కదా. అందుకని అండం తయారయ్యేటప్పుడూ, శుక్రకణం తయారయ్యేటప్పుడూ 46ని 23కి దించాలి. జతకి ఒక్కటి చొప్పున. ఈ దించే పనినే క్షయకరణ విభజన అంటారు. క్షయం అంటే తగ్గడం. ఇంగ్లీషువాళ్ళు 1905లో గ్రీకు భాష నుంచి తెచ్చుకున్న మియోసిస్ అనే పేరుకి కూడా అర్థం అదే, తగ్గడం.

సగం చెయ్యడం ఏం గొప్ప, చెరో చెయ్యీ వేసి పంచుకుంటే పోలా అనిపిస్తుంది. చాలాకాలం నేనూ అలాగే చెప్పాను పిల్లలకి. లాగడం గురించి చెప్పాను. కణం రెండు కొసల నుంచి దారాలొచ్చి క్రోమోజోముల్ని ఎలా లాక్కుపోతాయో బోర్డు మీద రంగు సుద్దలతో గీశాను. అసలు సంగతి లాగడంలో లేదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పట్టుకోవడంలో ఉంది. ముందు గట్టిగా పట్టుకున్నవే తరవాత తిన్నగా విడిపోతాయి. సరిగ్గా పట్టుకోనివి చెల్లాచెదురవుతాయి.

ఎలాగో చూద్దాం. ఇంట్లో దారాలుంటే తీసుకోండి. లేకపోతే కళ్ళు మూసుకుని ఊహించుకోండి, అదీ చాలు.

ఒక ఎర్ర దారం. ఇది అమ్మ ఇచ్చిన క్రోమోజోమ్. ఒక పచ్చ దారం, పసుపు రంగుది. ఇది నాన్న ఇచ్చింది. విభజన మొదలవడానికి ముందే కణం ప్రతి దారానికీ అచ్చం అలాంటిదే ఇంకో దారం తయారుచేస్తుంది. కాబట్టి ఇప్పుడు ఎర్రవి రెండు, పచ్చవి రెండు. ఎర్ర కవలలు, పచ్చ కవలలు. కవలలు విడిపోకుండా వాటికి కడియాలు తొడుగుతుంది. రెండు ఎర్ర దారాల్నీ కలిపి పైనుంచి కిందిదాకా చిన్న చిన్న కడియాల్లోంచి దూర్చినట్టన్న మాట. పచ్చవాటికీ అంతే. ఈ కడియం కవిత్వం కాదండీ. కొహీసిన్ అనే ప్రోటీను నిజంగానే కడియం ఆకారంలో ఉంటుంది. 1997లో వియన్నాలో కిమ్ నాస్మిత్ బృందం, అమెరికాలో డగ్లస్ కోష్లాండ్ బృందం, రొట్టె పొంగించే ఈస్టులో దీన్ని పట్టుకున్నారు.

సరే. ఎర్ర కవలలూ పచ్చ కవలలూ ఇప్పుడు పక్కపక్కకి చేరతాయి. ఇక్కడ కణం ఒక చిత్రమైన పని చేస్తుంది. ఒక ఎర్ర దారాన్నీ, ఒక పచ్చ దారాన్నీ ఒకే చోట తెంపి, అటుది ఇటూ ఇటుది అటూ అతికిస్తుంది. ఎర్ర దారం సగంనుంచి పచ్చగా మారుతుంది. పచ్చ దారం సగంనుంచి ఎర్రగా మారుతుంది. మన బిస్టుపూర్ రామమందిరంలో సీతారాముల కల్యాణం చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కొంగుముడి! అమ్మ తరఫుదీ నాన్న తరఫుదీ కలిపి కొంగుముడి వేస్తుంది కణం. ఈ అడ్డమార్పిడి వల్ల కూడా ఒక తల్లి పిల్లలు అందరూ ఒక్కలాగా ఉండరని పుస్తకాల్లో రాస్తారు. నిజమే. కానీ ఈ ముడికి ఇంకో పని కూడా ఉంది. రెంటినీ కలిపి ఉంచడం.

ముడి ఒక్కటే చాలదు. పెళ్ళికొడుకు భుజమ్మీది ఉత్తరీయం జారిపోయిందనుకోండి, ముడి ఎంత గట్టిదైనా ఏం లాభం? ముడితో సహా జారిపోతుంది. ఇక్కడా అంతే. మన దారాల్లో ముడికి కిందివైపున కడియాలున్నాయి చూశారా, అవే ఉత్తరీయాన్ని భుజం మీద నిలిపేవి. పైనుంచి ఎర్ర జతని ఇటూ పచ్చ జతని అటూ లాగండి. కొంత దూరం వచ్చి ఆగిపోతాయి. కింది కడియాలు రానివ్వవు. మళ్ళీ చెబుతాను. కలిపింది ముడి. ఆ ముడి జారకుండా ఆపింది కడియాలు.

ఇక విడదీయడం. ఇది రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి విడతలో క్రోమోజోము చేతుల పొడుగునా ఉన్న కడియాలు తెగుతాయి. ముడి జారుతుంది. ఎర్ర జత ఒకవైపు, పచ్చ జత ఒకవైపు వెళ్ళిపోతాయి. కానీ కవలలు ఇంకా కలిసే ఉంటాయి. ఎందుకంటే నడుము దగ్గర, అంటే కణం క్రోమోజోముని పట్టి లాగే చోట, ఉన్న కడియాలు తెగలేదు. రెండో విడతలో నడుము దగ్గరివి కూడా తెగుతాయి. అప్పుడు కవలలు విడిపోతాయి. ముందు చేతులు, తరవాత నడుము. ఇదే కిటుకు. ఒక కణం నాలుగు కణాలవుతుంది, ఒక్కోదాంట్లో సగం చొప్పున.

విడదీయొచ్చని కణానికి ఎలా తెలుస్తుంది? బోగీ తగిలించిన మనిషి ఏం చేస్తాడు? ఇంజను కాస్త లాగితే కొక్కెం బిగుసుకుందా లేదా చూస్తాడు. బిగువే గుర్తు. కణం కూడా బిగువునే చూస్తుంది. 1995లో అమెరికాలో బ్రూస్ నిక్లాస్, లీ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. గొల్లభామ తెలుసుగా, చేతులు జోడించి నమస్కారం పెడుతున్నట్టుండే పురుగు. దాని శుక్రకణాలు తయారయ్యేచోట ఒక్కోసారి ఒక క్రోమోజోము జత తప్పి ఒంటరిగా ఒక కొసకే తగులుకుంటుంది. దానికి బిగువు లేదు. అప్పుడు కణం కదలదు. గంటల తరబడి ఆగిపోతుంది. వాళ్ళేం చేశారంటే, వెంట్రుక కంటే సన్నటి గాజు సూదితో ఆ ఒంటరి క్రోమోజోముని రెండో వైపుకి లాగి పట్టుకున్నారు. అంతే. కణం నమ్మేసింది. బిగువుంది కదా అనుకుని విభజన సాగించింది. సూది పెట్టి ఒక కణాన్ని మోసం చేశారన్న మాట. నాకు ఆ ప్రయోగం తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది, చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనీ అనిపిస్తుంది.

బిగువు అన్నిచోట్లా కుదిరాక కత్తెర బయటికొస్తుంది. సెపరేజ్ అనే ప్రోటీను. అప్పటిదాకా అది ఒరలో కత్తిలా ఇంకో ప్రోటీను చాటున ఉంటుంది. వేళైనప్పుడు ఒర కరిగిపోతుంది, కత్తెర కడియాల్ని కోస్తుంది.

మరి ఆ కత్తెర నడుము దగ్గరి కడియాల జోలికి ఎందుకు పోదు? అన్నీ కడియాలేగా? ఈ ప్రశ్న ఎంతోమందిని ఏడిపించింది. 2004లో జపాన్‌లో యోషినోరి వతనాబే బృందం జవాబు పట్టుకుంది. నడుము దగ్గర ఒక కాపలాదారు కూర్చుని ఉంటుంది. దానికి వాళ్ళు షుగోషిన్ అని పేరుపెట్టారు. జపాన్ భాషలో కాపాడే దేవత అని. మన విజయనగరంవాళ్ళు పెట్టి ఉంటే పైడితల్లి అనేవారు. ఆవిడ కాపాడే పద్ధతి కూడా చక్కగా ఉంటుంది. అడవిలో నరకాల్సిన చెట్టుకి ముందే గుర్తు వేస్తారు, గుర్తు ఉన్నదాన్నే నరుకుతారు. కడియానికీ అలాగే ఒక రసాయన గుర్తు పడితేనే కత్తెర తెగ్గొడుతుంది. ఈ దేవత తన వెంట ఇంకో ప్రోటీనుని తెచ్చుకుని, నడుము దగ్గరి కడియాల మీద పడ్డ గుర్తుల్ని ఎప్పటికప్పుడు తుడిపించేస్తూ ఉంటుంది. మొదటి విడత అయ్యేదాకా. రెండో విడతలో ఆ రక్షణ ఉండదు.

వియన్నా, టోక్యో అంటూ ఎక్కడెక్కడో తిప్పుతున్నానని అనుకోకండి. హైదరాబాద్ వస్తున్నాను. మన బర్మామైన్స్‌లో నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ ఉంది కదా, హైదరాబాద్‌లో సీసీఎంబీ దానికి తోబుట్టువే. రెండూ సీఎస్ఐఆర్ సంస్థలు. ఇక్కడ లోహాల అతుకులు చూస్తారు, అక్కడ కణాల అతుకులు. సీసీఎంబీలో ఇమ్రాన్ సిద్దిఖీ అనే శాస్త్రవేత్త అరాబిడాప్సిస్ అనే మొక్క మీద పనిచేశారు. ఆవాల కుటుంబంలోది. జానెడు మొక్క, చూడ్డానికి కలుపుమొక్క. కానీ ప్రపంచంలో జన్యువుల వాళ్ళందరికీ అదే ముద్దు.

మామూలుగా ఆ మొక్క పువ్వులో అండం తయారయ్యేచోట ఒక కణం నాలుగవుతుంది. సిద్దిఖీ బృందానికి దొరికిన ఒక మొక్కలో మాత్రం రెండే అవుతున్నాయి. నాలుగు కావాల్సిన చోట రెండు. అందుకని ఆ జన్యువుకి డయాడ్ అని పేరుపెట్టారు. మన ద్వయం. 2000లో దీని గురించి రాశారు. 2002లో ఆ జన్యువుని పట్టుకున్నారు. ఏం జరుగుతోందక్కడ? మన దారాలతోనే చెబుతాను. ఎర్ర జతా పచ్చ జతా దగ్గరికి చేరడం లేదు. కొంగుముడి పడటం లేదు. మొదటి విడతలోనే కవలలు విడిపోతున్నాయి. అంటే సగం కావడమనేదే లేదు. తగ్గించాల్సిన విభజన తగ్గించడం మానేసి, ఒంట్లో మిగతా కణాల్లా మామూలుగా జరిగిపోతోంది.

ఎందుకలా? 2019లో జర్మనీలో ఆర్ప్ ష్నిట్‌గర్ బృందం ఇంకో తెర తీసింది. కణంలో కడియాల్ని విప్పి తీసేసే ప్రోటీను ఒకటుంది. కత్తెర కాదు, ఇది వేరు, కొయ్యకుండా విప్పుతుంది. వేళకాని వేళ అది కడియాల మీద చెయ్యి వెయ్యకుండా డయాడ్ అడ్డం నిలబడుతుంది. ఎప్పుడో హైదరాబాద్‌లో పేరుపెట్టిన జన్యువు పని, పట్టు నిలబెట్టడమేనని తేలింది.

పాడైన మొక్క వల్ల ఏం లాభం అంటారా? అక్కడే ఉంది తమాషా. ఆ డయాడ్ మొక్కలు దాదాపు గొడ్డుపోయినవే. అప్పుడప్పుడూ మాత్రం ఒకటీ అరా గింజ పట్టేది. ఎవరైనా ఆ గింజల్ని పారేసేవారు. సీసీఎంబీవాళ్ళు నాటి చూశారు. 2008లో నేచర్ పత్రికలో రవి, మారిముత్తు, సిద్దిఖీ రాసినది ఇదీ: ఆ గింజలకి మూలమైన అండానికి తల్లి మొక్క సొత్తు మొత్తం, ఏమాత్రం కలగాపులగం కాకుండా, యథాతథంగా వచ్చింది. సగం కాదు, మొత్తం.

హైబ్రిడ్ విత్తనం వేసే రైతుని అడగండి ఇందులో ఏముందో. హైబ్రిడ్ మొక్కజొన్న బ్రహ్మాండంగా పండుతుంది. ఆ పంటలోంచి గింజ తీసి మళ్ళీ వేస్తే? ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి తాలు. క్షయకరణ విభజన అన్నిటినీ కలిపి పేక ముక్కల్లా పంచేసింది. అందుకే ఏటేటా విత్తనం కొనాలి. ఆ పంచడాన్ని ఆపగలిగితే తల్లికి అచ్చు గుద్దిన బిడ్డ గింజలోంచే వస్తుంది. 2011లో హైదరాబాద్, అమెరికా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి ఆ జానెడు మొక్కలో అదీ చేసి చూపించారు. పుట్టిన మొక్కల్లో మూడోవంతు దాకా తల్లికి నకళ్ళే. అదే ఏడు సిద్దిఖీకి ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. 2019 నాటికి వరిలోనూ వేరే బృందాలు ఇలాంటిది సాధించాయి. రైతు గడపకి ఇంకా రాలేదు. విత్తనాల కంపెనీలు ఈ విద్యని ఎంత ఇష్టంగా గడప దాటనిస్తాయో చూడాలి మరి.

మొక్కల్ని వదిలి మనుషుల దగ్గరికొస్తాను. ఒకసారి పండగపూట గుళ్ళో ఒక కుర్రాడు నన్ను పక్కకి పిలిచాడు. ఒళ్ళో ఏడాది పాప. డౌన్ సిండ్రోమ్ అని డాక్టర్లు చెప్పారు. "మాస్టారూ, మావాళ్ళంతా గ్రహణం రోజున బయటికెళ్ళిందని మా ఆవిణ్ణి అంటున్నారు. మేం ఏం తప్పు చేశాం?" అని అడిగాడు. ఆ అమ్మాయి కాస్త దూరంగా, తల వంచుకుని నిలబడి ఉంది.

ఏ తప్పూ లేదు బాబూ అన్నాను. 21వ నంబరు క్రోమోజోములు రెండుండాల్సింది మూడున్నాయి. 1959లో పారిస్‌లో కనిపెట్టారు దీన్ని. ఎక్కువసార్లు ఇది అండం తయారయ్యేటప్పుడు జరుగుతుంది. విడిపోవాల్సిన జత సరిగ్గా విడిపోలేదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఎక్కువగా అండంలోనే ఎందుకంటే, అండం కథ చాలా పొడుగైంది. అది మీకూ చెప్పాలి.

మగవాళ్ళలో ఈ విభజన మీసాలొచ్చే వయసులో మొదలై రోజూ జరుగుతూనే ఉంటుంది. ఆడవాళ్ళలో అలా కాదు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే, ఇంకా పుట్టకముందే, ఆ పిల్ల అండకణాల్లో ఈ పని మొదలైపోతుంది. కవలలకి కడియాలు తొడగడం, కొంగుముడి వెయ్యడం, అంతా అప్పుడే. ఆ తరవాత ఆగిపోతుంది. పదిహేనేళ్ళు, పాతికేళ్ళు, నలభయ్యేళ్ళు అలాగే. ఏ నెలలో ఏ అండం విడుదలవుతుందో అప్పుడే దానికి కదలిక. అన్నేళ్ళూ ఆ జతని పట్టి ఉంచింది ఏమిటి? కడియాలే. పాతబడితే కొత్తవి తొడుగుతుందా? 2010లో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, తొడగదనే తేలింది. పుట్టకముందు తొడిగినవే. వయసు పెరిగేకొద్దీ అవి ఒక్కొక్కటే సడలిపోతాయి. తల్లి వయసు పెరిగితే ఈ పొరపాటు పెరగడానికి ఇదొక పెద్ద కారణం. ముప్ఫై అయిదేళ్ళ తల్లికి సుమారు 350 కాన్పుల్లో ఒకటి ఇలా అవుతుంది, నలభయ్యేళ్ళకి సుమారు నూరింట ఒకటి. అలాగని చిన్న వయసు తల్లులకి జరగదని కాదు. ఆ కుర్రాడి భార్యకి పాతికేళ్ళు కూడా నిండలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నా సంగతే నేను ఆలోచించుకున్నాను. నేను పుట్టింది ఇక్కడ, జంషెడ్‌పూర్‌లో. కానీ నాలో సగమైన ఆ అండం తయారైంది ఆమదాలవలస దగ్గర ఒక పల్లెలో, మా అమ్మమ్మ కడుపులో ఉన్న మా అమ్మలో. నా కడియాలు అక్కడే తొడిగారు. నాకు వేసిన ఆ కొంగుముడి మా అమ్మ మెళ్ళో తాళి పడడానికి పద్దెనిమిదేళ్ళ ముందు పడింది. తరవాత మా అమ్మ పెళ్ళయి, ట్రంకుపెట్టె పట్టుకుని ఆమదాలవలసలో రైలెక్కింది. ఖరగ్‌పూర్‌లో బండి మారింది. అన్ని కుదుపుల్లోనూ ఆ చిన్న కడియాలు ఊడలేదు. తెల్లవారేసరికి మా అమ్మ టాటానగర్ స్టేషన్లో దిగింది. స్టేషన్ బయట మా నాన్న రిక్షా మాట్లాడి ఉంచాడట. కదమా దాకా బేరం ఆడాడట కూడా.